పాత టికెట్‌కి డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఆగండి

ముందు మీరు రాసినదాంట్లో నాకు అర్థమైనది చెప్తాను. 2017లో నార్త్ కరోలినాలో రాలీ దగ్గర ఎం.ఎస్. చదువుతుండగా ఐ-40 హైవే మీద, 65 లిమిట్ ఉన్నచోట 82 మైళ్ళ వేగంతో వెళ్తున్నారని మీకు టికెట్ రాశారు. కోర్టు తేదీ సరిగ్గా ఫైనల్ ఎగ్జామ్స్ వారంలో పడింది, తర్వాత చూసుకుందాంలే అనుకున్నారు. డిగ్రీ అయ్యాక 2018లో ఇండియా వెళ్ళిపోయారు. ఇప్పుడు హెచ్-1బి మీద డాలస్ వచ్చి, టెక్సస్‌లో లైసెన్సులిచ్చే డీపీఎస్ ఆఫీసుకి వెళ్తే, నార్త్ కరోలినాలో మీ లైసెన్స్ ఆగిపోయి ఉంది, ముందు అది తేల్చుకుని రమ్మన్నారు. రూమ్మేట్లు "ఏముంది, ఫైన్ కట్టేయ్, అయిపోతుంది" అంటున్నారు. ఫైన్ ఎంత, ఎక్కడ కట్టాలి, వారెంట్ ఉంటుందా, వీసాకి ఇబ్బందా, ఇవీ మీ ప్రశ్నలు. "అన్నా, రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు" అని కూడా రాశారు.

నేను లాయర్ని కాను. నార్త్ కరోలినాలో ఒక ట్రాఫిక్ లాయర్ ఆఫీసులో పదేళ్ళు పారాలీగల్‌గా, అంటే లాయర్‌కి కేసు కాగితాల పనిలో సాయపడే ఉద్యోగిగా, చేశాను. మీలాంటి ఫైళ్ళు, అందులోనూ మన పిల్లలవి, చాలా చూశాను. తమ్ముడి ఫైల్ నా బల్ల మీదకి వస్తే ఏం చేస్తానో అదే మీకు చెప్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. డబ్బు కట్టడానికి తొందరపడకండి. మీరు ఫైన్ అంటున్నారు గానీ మీకు ఇంకా ఏ జడ్జీ ఫైన్ వెయ్యలేదు. మీరు కోర్టుకే వెళ్ళలేదు కాబట్టి కేసు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. దీన్ని ఎఫ్‌టీఏ అంటారు, ఫెయిల్యూర్ టు అపియర్, అంటే పిలిచిన రోజున కోర్టుకి రాకపోవడం. రెండోది ఎఫ్‌టీపీ, ఫెయిల్యూర్ టు పే. కోర్టుకి వెళ్ళి, జడ్జి వేసిన ఫైనూ ఖర్చులూ గడువులోపు కట్టకపోవడం అది. లైసెన్స్ రెండిట్లోనూ పోతుంది, డీపీఎస్ కౌంటర్లో చెప్పే మాటా ఒకటే. కానీ బయటపడే దారులు వేరు. ఎఫ్‌టీపీలో బాకీ తీరిస్తే చాలావరకు సరిపోతుంది. ఎఫ్‌టీఏలో బాకీ ఎంతో ఎవరూ తేల్చలేదు, తేలాల్సింది కేసు.

మీ విషయంలో ఈ తేడా ఎందుకంత ముఖ్యమో చూడండి. నార్త్ కరోలినా చట్టం ప్రకారం లిమిట్‌కి 15 మైళ్ళకి మించి ఎక్కువ వేగం పోయినా, లేదా లిమిట్ ఎంతైనా సరే 80 దాటినా, అది మామూలు ట్రాఫిక్ తప్పు కాదు, క్లాస్ 3 మిస్‌డిమీనర్, అంటే నేరం. మీది 17 ఎక్కువ, పైగా 80 దాటింది. రెండు లెక్కల్లోనూ పడ్డారు. ఇంకో నిబంధన కూడా ఉంది. 55 మైళ్ళకి మించిన వేగంతో వెళ్తూ లిమిట్‌ని 15 కంటే ఎక్కువ దాటినట్టు కోర్టులో రుజువైతే లైసెన్స్ 30 రోజులు తప్పనిసరిగా రద్దవుతుంది. అంటే మీరు కంగారులో వెళ్ళి, టికెట్‌లో రాసింది రాసినట్టు తప్పు ఒప్పేసుకుని డబ్బు కట్టేస్తే, పాత సస్పెన్షన్ పోయి కొత్తది వచ్చి కూర్చుంటుంది. దానికి తోడు రికార్డులో ఒక క్రిమినల్ కన్విక్షన్, అంటే నేరం రుజువైనట్టు ముద్ర. మా ఆఫీసుకి ఇలా అంతా కట్టేశాక వచ్చి "మళ్ళీ ఎందుకు సస్పెండ్ చేశారు?" అని అడిగినవాళ్ళు ఉన్నారు. ఒకసారి తప్పు ఒప్పుకున్న కేసుని తిరగదోడడం మాకు ఎంత కష్టమయ్యేదో చెప్పలేను. ఒప్పుకోకముందు వచ్చి ఉంటే సగం పనితో తేలిపోయేది.

ఇక ఏడేళ్ళు దాటితే కేసు దానంతటదే పోతుందన్న నమ్మకం గురించి. ఇది మనవాళ్ళలో ఎలా పాకిందో నాకు తెలుసు. క్రెడిట్ రిపోర్టులో పాత బాకీలు సాధారణంగా ఏడేళ్ళకి తొలగిపోతాయి, దాన్ని తెచ్చి కోర్టు కేసుకి అతికించారు. మిస్‌డిమీనర్‌కి నార్త్ కరోలినాలో రెండేళ్ళ గడువు ఉన్నమాట నిజమే. ఆ గడువు కేసు పెట్టడానికి. మీ మీద కేసు టికెట్ రాసిన రోజే పెట్టేశారు. ఇరవై ఏళ్ళయినా అది అలాగే ఉంటుంది.

డాలస్‌లో ఇది ఎలా బయటపడిందో కూడా తెలుసుకోండి, ఎందుకంటే "ఇంకో స్టేట్‌కి వెళ్ళి తీసుకుంటే సరి" అని ఎవరో ఒకరు మీకు తప్పకుండా సలహా ఇస్తారు. నేషనల్ డ్రైవర్ రిజిస్టర్ అని ఒకటుంది, ఫెడరల్ ప్రభుత్వంలో రోడ్డు భద్రత చూసే ఎన్‌హెచ్‌టీఎస్ఏ నడుపుతుంది. ఎవరి లైసెన్స్ ఏ స్టేట్‌లో సస్పెండ్ అయినా, రద్దయినా ఆ పేరు అందులో పడుతుంది. కొత్తగా లైసెన్స్ ఇచ్చే ముందు ఏ స్టేట్ అయినా అందులో వెతుకుతుంది. అందులో మీ కేసు వివరాలు ఉండవు, ఫలానా స్టేట్‌ని అడగండి అని వేలు చూపిస్తుంది, అంతే. కాబట్టి టెక్సస్ వాళ్ళని ఎంత బతిమాలినా లాభం లేదు, వాళ్ళ చేతిలో లేదది. ఇంకో స్టేట్‌కి వెళ్ళినా అదే వేలు అక్కడా చూపిస్తుంది. అప్లికేషన్‌లో "ఏ స్టేట్‌లోనైనా మీ లైసెన్స్ సస్పెండ్ అయి ఉందా?" అన్న ప్రశ్నకి లేదని టిక్ పెడితే అది విడిగా ఇంకో తప్పు. ఆ టిక్ మాత్రం పెట్టకండి.

ఎన్ని స్టేట్లలో మీ పేరు ఉందో అనుమానం ఉంటే, నోటరీ చేయించిన ఉత్తరం రాసి ఆ రిజిస్టర్‌లో మీ గురించి ఏముందో మీరే ఉచితంగా తెప్పించుకోవచ్చు. ఒకటికి మించి స్టేట్లలో ఉండి వచ్చినవాళ్ళు ఈ పని ముందే చేసుకోవాలి. ఒకటి తేల్చుకుని కౌంటర్‌కి వెళ్ళాక రెండోది బయటపడితే మళ్ళీ మొదటినుంచీ.

ఇక పని మొదలుపెట్టడం. రెండు కాగితాలు ముందు మీ చేతిలోకి రావాలి.

మొదటిది నార్త్ కరోలినా డీఎంవీ, అంటే అక్కడ లైసెన్సులు చూసే శాఖ, నుంచి మీ పూర్తి డ్రైవింగ్ రికార్డు. మూడేళ్ళదో ఏడేళ్ళదో తీసుకోకండి, పూర్తిది అడగండి. ఏ కౌంటీ కోర్టు, ఏ తేదీన, ఎందుకు లైసెన్స్ ఆపమంది అన్నది అందులో వరుసగా ఉంటుంది. ఒక్క టికెట్టే అనుకుని వచ్చినవాళ్ళకి రెండు దొరికిన సందర్భాలు నేను చూశాను. అదే స్టాప్‌లో రిజిస్ట్రేషన్ గడువు అయిపోయిందని ఇంకో కాగితం కూడా ఇచ్చి ఉంటారు, మీరు మర్చిపోయి ఉంటారు.

రెండోది కోర్టు రికార్డు. ఐ-40 పొడవునా కౌంటీలు మారిపోతుంటాయి, కాబట్టి రాలీ అనుకుని వేక్ కౌంటీలోనే వెతికి ఆగకండి. ఆఫీసర్ ఆపిన చోటు డర్హమ్ కౌంటీలో ఉండొచ్చు, జాన్‌స్టన్‌లో ఉండొచ్చు. 2023 ఫిబ్రవరిలో వేక్‌తో మొదలుపెట్టి నార్త్ కరోలినా కోర్టులు ఈ-కోర్ట్స్ అనే ఆన్‌లైన్ పద్ధతికి మారాయి. ఇప్పుడు పేరుతో వెతికితే కేసు కనిపిస్తుంది.

కనిపిస్తుంది అన్నాను గానీ మన పేర్లతో అదే పెద్ద చిక్కు. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక ఉన్న పాస్‌పోర్టు చూసి ఆఫీసర్ చీకట్లో, రోడ్డు పక్కన నిలబడి టైప్ చేస్తాడు. వెంకట లాస్ట్ నేమ్ అవుతుంది, సాయి మిడిల్ నేమ్ అవుతుంది. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ ఖాళీగా ఉన్నవాళ్ళకి ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని దానర్థం. మా ఆఫీసులో ఒక ఫైల్ వారంరోజులు దొరకలేదు. చివరికి చూస్తే ఇంటిపేరులో ఒక "హెచ్" ఎక్కువ, పుట్టినతేదీలో నెలా రోజూ తారుమారు, 4వ నెల 7వ తేదీ కాస్తా 7వ నెల 4వ తేదీ అయింది. అందుకని పేరుని అన్ని రకాలుగా తిప్పి వెతకండి. అయినా దొరక్కపోతే ఆ కౌంటీ క్లర్క్ ఆఫ్ కోర్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి డ్రైవింగ్ లైసెన్స్ నంబరుతో చూడమనండి. ఫోన్‌లో మర్యాదగా, నెమ్మదిగా అడిగితే ఆ కిటికీ వెనక మనుషులు ఎంత సాయం చేస్తారో నాకు అనుభవం. వాళ్ళు న్యాయసలహా ఇవ్వకూడదు, కానీ కేసు ఏ స్థితిలో ఉందో చెప్తారు.

కేసు దొరికాక అక్కడ ఒక మాట కనిపించే అవకాశం ఉంది, దాన్ని చూసి మోసపోకండి. "డిస్మిస్డ్ విత్ లీవ్" అని ఉంటుంది. డిస్మిస్డ్ అన్న ముక్క చూడగానే ప్రాణం లేచొస్తుంది. ఒకతను దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ప్రింట్ చేసి, ఫోల్డర్‌లో పెట్టుకుని మా దగ్గరకి వచ్చాడు, కేసు కొట్టేశారు కదా మరి లైసెన్స్ ఎందుకివ్వరని. కేసు కొట్టేయలేదు. మనిషి దొరకట్లేదు కాబట్టి ప్రాసిక్యూటర్ దాన్ని రోజువారీ జాబితాలోంచి తీసి పక్కన పెట్టాడు, మనిషి దొరికిన రోజున మళ్ళీ తెరుచుకునే హక్కు అట్టిపెట్టుకుని. లైసెన్స్ మీద ఆంక్ష అలాగే ఉంటుంది. నిజంగా కొట్టేస్తే ఆ "విత్ లీవ్" అన్న తోక ఉండదు. మీ కేసు ఈ స్థితిలో ఉంటే లాయర్ చేసే మొదటి పని దాన్ని తిరిగి క్యాలెండర్ మీదకి తెప్పించడం.

వారెంట్ గురించి భయపడుతున్నారు. నార్త్ కరోలినాలో దాన్ని ఆర్డర్ ఫర్ అరెస్ట్ అంటారు. మీది మిస్‌డిమీనర్ కాబట్టి అది జారీ అయి ఉండొచ్చు, ఉండకపోనూవచ్చు. కేసు వివరాల్లోనే తెలుస్తుంది. ఉన్నా సరే, లాయర్ కోర్టులో అడిగి దాన్ని వెనక్కి తీయించవచ్చు, ఇలాంటి కేసుల్లో ఇది రోజూ జరిగే పనే. క్లాస్ 3 అనేది అక్కడి మిస్‌డిమీనర్లలో అన్నిటికంటే కింది మెట్టు, ఫైన్ గరిష్ఠంగా 200 డాలర్లు, పాత నేరచరిత్ర లేనివాళ్ళకి శిక్ష అంటే ఆ ఫైనే. కాబట్టి జైలు గురించి ఆలోచించి నిద్ర పాడుచేసుకోవద్దు. అయితే ఆర్డర్ ఉందో లేదో తేలేదాకా విమానం ఎక్కి స్వయంగా రాలీ వెళ్ళడం, వీసా స్టాంపింగ్‌కి దేశం దాటి వెళ్ళడం మాత్రం వాయిదా వేయండి. "మీ మీద వారెంట్ ఉంది, గిఫ్ట్ కార్డులతో ఇప్పుడే కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. ఏ కోర్టూ అలా అడగదు.

లాయర్ కావాలా అంటే, మీ కేసులో కావాలి. చాలా టికెట్లకి అక్కర్లేదని నేనే చెప్తాను, కానీ మీది నేరం కిందకి వచ్చే వేగం, పైగా వీసా మీద ఉన్నారు, పైగా వెయ్యి మైళ్ళ దూరంలో ఉన్నారు. ఆ కౌంటీ కోర్టులో వారంలో రెండు మూడు రోజులు కనిపించే స్థానిక లాయర్‌నే పెట్టుకోండి. డాలస్ లాయర్ దీనికి పనికిరాడు, ఎక్కడో పెద్ద ఊళ్ళో ఉన్న పెద్ద పేరూ అక్కర్లేదు. ఇలాంటి ట్రాఫిక్ కేసుల్లో మీరు రాకుండానే మీ తరఫున లాయర్ నిలబడవచ్చు, మీరు సంతకం చేసిన కాగితం పంపితే చాలు. ఫీజు మాట్లాడే ముందు ఒక ప్రశ్న అడగండి: "ఎఫ్‌టీఏని స్ట్రైక్ చెయ్యమని మోషన్ వేస్తారా, వేస్తే అది ఇదే ఫీజులో కలిసి ఉందా?" దీనికి తడబడకుండా జవాబు చెప్పినవాడు ఈ పని చేసినవాడు. జడ్జి ఒప్పుకుంటే ఆ రోజు కోర్టుకి రాలేదన్న ఎంట్రీనే కొట్టేస్తారు, దానిమీద పడే 200 డాలర్ల ఎఫ్‌టీఏ ఫీజూ తప్పుతుంది. ఇది జడ్జి ఇష్టం. పరీక్షల షెడ్యూలు, యూనివర్సిటీ నుంచి ఉత్తరం, పాత అపార్ట్‌మెంట్ లీజు ఎప్పుడు ముగిసిందో చూపే కాగితం, మీరు దేశం వదిలిన తేదీ పడ్డ పాస్‌పోర్టు పేజీ, ఇవన్నీ లాయర్‌కి పంపండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మర్చిపోయాను, భయపడ్డాను అన్న మాటలు జడ్జీలు రోజూ వింటారు, అవి నిజమైనప్పుడు వాళ్ళకి తెలుస్తుంది.

అసలు ఆరోపణ విషయంలో లాయర్ ప్రాసిక్యూటర్‌తో మాట్లాడతాడు. నార్త్ కరోలినాలో ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉంది, ఇంప్రాపర్ ఎక్విప్‌మెంట్ అంటారు. స్పీడ్ ఆరోపణని తగ్గించి, స్పీడోమీటర్ సరిగా పనిచెయ్యలేదన్న చిన్న తప్పుగా మారుస్తారు. అది నేరం కాదు, ఇన్‌ఫ్రాక్షన్. లైసెన్స్ మీద తప్పుల లెక్కకి వేసే పాయింట్లు పడవు, 30 రోజుల రద్దు ఉండదు. లిమిట్‌కి 25 మైళ్ళకి మించి దాటినవాళ్ళకి చట్టం ఈ వీలు ఇవ్వదు, మీది 17 కాబట్టి అడగడానికి దారి ఉంది. ఇస్తారా లేదా అన్నది ప్రాసిక్యూటర్ చేతిలో ఉంది, మీ మిగతా రికార్డు శుభ్రంగా ఉండడం చాలా సాయపడుతుంది. డ్రైవింగ్ క్లాసు ముందే చేసి ఆ సర్టిఫికెట్ జతచేయమని కొందరు లాయర్లు చెప్తారు, చెప్తే చెయ్యండి. ఇంకో సంగతి, పాత కేసులు పేరుకుపోయిన కొన్ని కౌంటీల్లో ప్రాసిక్యూటర్లు వాటిని మూకుమ్మడిగా కొట్టేశారు. డర్హమ్‌లో 2018 నుంచి డియర్ అనే కార్యక్రమం కింద ఇలా వేల కేసులు పోయాయి. మీ కేసు అక్కడిదైతే లాయర్‌ని ముందు దీని గురించే అడగండి.

మరో పేరు కూడా వినిపించవచ్చు, పీజేసీ, ప్రేయర్ ఫర్ జడ్జ్‌మెంట్ కంటిన్యూడ్. తప్పు ఒప్పుకుంటారు, జడ్జి తీర్పు మాత్రం నిలిపేస్తాడు. ఇన్సూరెన్స్ కోణంలో అది మంచిదని అందరూ చెప్తారు. కానీ కన్విక్షన్ అంటే ఏమిటన్నది ఇమ్మిగ్రేషన్ చట్టం తనదైన పద్ధతిలో చూస్తుంది, ట్రాఫిక్ కోర్టు లెక్క అక్కడ చెల్లదు. మీరు తప్పు ఒప్పుకున్నారా, ఏదైనా శిక్షో ఖర్చో పడిందా అని చూస్తుంది. అందుకని ఏ ఒప్పందానికైనా ఊఁ అనే ముందు దాన్ని ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి చూపించండి. అరగంట కన్సల్టేషన్ చాలు. ట్రాఫిక్ లాయర్‌కి ఇమ్మిగ్రేషన్ తెలియదు, ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి నార్త్ కరోలినా ట్రాఫిక్ తెలియదు, ఇద్దర్నీ కలపాల్సింది మీరే.

ఆ మాట వచ్చింది కాబట్టి వీసా సంగతి ఇక్కడే. వీసా అప్లికేషన్ ఫారమ్ డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఏ నేరానికైనా కన్విక్ట్ అయ్యారా అని అడుగుతారు. రేపు గ్రీన్‌కార్డుకి ఐ-485 నింపేటప్పుడు ప్రశ్న ఇంకా వెడల్పుగా ఉంటుంది, అందులో సైట్ చేశారా (టికెట్ లాంటిది రాశారా), చార్జ్ చేశారా (కేసు పెట్టారా) అనీ ఉంటుంది. ఒక్క స్పీడింగ్ టికెట్ వల్ల జీవితం తలకిందులవ్వదు. కానీ దాచిపెట్టిన టికెట్టూ, తేలకుండా వేలాడుతున్న కేసూ ఎప్పుడూ ఇబ్బందే. 2025 వసంతంలో దేశమంతటా వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (ప్రభుత్వం వాళ్ళ వివరాలు ఉంచే పద్ధతి) రద్దు చేసినప్పుడు, అందులో చిన్నచిన్న ట్రాఫిక్ సంగతులున్నవాళ్ళు, కేసు కొట్టేసినవాళ్ళు కూడా ఉన్నారు. కోర్టుల్లో దావాలు పడ్డాక ఏప్రిల్ ఆఖర్లో వాటిని పునరుద్ధరించడం మొదలుపెట్టారు. అప్పుడు కేసు ఎలా ముగిసిందో చెప్పే సీలు కాగితం చేతిలో ఉన్నవాళ్ళకీ, దానికోసం క్లర్క్ ఆఫీసుకి పరుగులు తీసినవాళ్ళకీ తేడా ఎంతో దగ్గర్నుంచి చూశాను. అందుకే కేసు ముగియగానే సర్టిఫైడ్ డిస్పొజిషన్ కాపీలు తీసుకోండి, కోర్టు సీలుతో, ఒకటి కాదు మూడు. టికెట్ కాపీ కూడా ఉంచండి. ఇంట్లో పెళ్ళి సర్టిఫికెట్ ఎంత జాగ్రత్తగా దాస్తారో అంత జాగ్రత్తగా.

కోర్టు పని అయ్యాక చాలామంది అక్కడితో ఆగిపోతారు. నేనూ ఆగిపోయాను, అందుకే ఈ ముక్క కాస్త వివరంగా రాస్తాను. 2011లో నాది ఎఫ్‌టీపీ. చిన్న కౌంటీలో టికెట్, కోర్టుకి వెళ్ళాను, జడ్జి ఫైన్ చెప్పాడు, ఆ మొత్తానికి మనీ ఆర్డర్ తీసి పోస్టులో పంపాను. "ప్లస్ కాస్ట్స్" అన్న రెండు మాటలు నా చెవిన పడలేదు. కోర్టు ఖర్చులు అక్కడ ఫైన్ కంటే ఎక్కువ ఉంటాయి. మిగతా బాకీ గురించి వచ్చిన ఉత్తరం ఖాళీ చేసిన పాత ఇంటికి వెళ్ళింది. ఎనిమిది నెలల తర్వాత ఒక వర్షం రాత్రి చెక్‌పాయింట్ దగ్గర ఆపారు. వెనక సీట్లో మా అమ్మాయి నిద్రపోతోంది. ఆఫీసర్ నా లైసెన్స్ తీసుకెళ్ళి చాలాసేపటికి వచ్చి, ఇది రద్దయింది, మీరు బండి నడపడానికి లేదన్నాడు. గ్లవ్ బాక్స్‌లో మనీ ఆర్డర్ రసీదు ఉంది, తీసి చూపించాను. ఆయన టార్చి వేసి చదివి, "ఇది ఫైన్‌కి సరిపోయింది" అని తిరిగిచ్చేశాడు. వైపర్లు కొట్టుకుంటున్నాయి, పాప లేచి ఏడుస్తోంది, ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియలేదు.

మర్నాడే క్లర్క్ కిటికీ దగ్గర మిగతా బాకీ కట్టాను. అయిపోయిందనుకున్నాను. నెల తర్వాత చూస్తే రికార్డు అలాగే ఉంది. కోర్టు నా బాకీ తీరిందని డీఎంవీకి చెప్పింది, కానీ డీఎంవీకి వాళ్ళ సొంత రెస్టొరేషన్ ఫీజు వేరే ఉంది, అది కట్టేదాకా లైసెన్స్ తిరిగి ఇవ్వరు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఆ నెలరోజులూ లైసెన్స్ ఉందనుకుని బండి నడిపాను. ఇప్పటికీ తల్చుకుంటే గుండె దడదడలాడుతుంది.

కాబట్టి కోర్టు ఒక కిటికీ, డీఎంవీ ఇంకో కిటికీ, రెండు చోట్లా తేలాలి. కేసు ముగిశాక ఓ వారం పదిరోజులాగి డీఎంవీ రికార్డు మళ్ళీ తీసి చూడండి. కోర్టు నుంచి సమాచారం ఎక్కిందా, ఇంకేం మిగిలింది, రెస్టొరేషన్ ఫీజు ఎంత అని ఫోన్ చేసి అడగండి, కట్టండి, రసీదు ఉంచండి. సమాచారం ఎక్కకపోతే లాయర్ ఆఫీసుకి చెప్పండి, క్లర్క్ చేత మళ్ళీ పంపిస్తారు. ఆపైన నార్త్ కరోలినాలో ఏ ఆంక్షా లేదని క్లియరెన్స్ ఉత్తరం తెప్పించుకోండి.

ఫైన్ పడి, నిజంగా కట్టే స్థోమత లేనివాళ్ళు కూడా ఇది చదువుతారు, వాళ్ళకోసం కొంచెం. ఉద్యోగం పోయినవాళ్ళు, ఓపీటీలో, అంటే చదువయ్యాక పనిచేసుకోవడానికి ఇచ్చే అనుమతి మీద ఉండి, జీతం రానివాళ్ళు కోర్టుకి మొహం చాటేయకండి, అదే అన్నిటికంటే చేటు. డబ్బు లేనివాణ్ణి, అతను కావాలని ఎగ్గొట్టాడా లేదా అని విచారించకుండా జైల్లో పెట్టకూడదని 1983లోనే బేర్డెన్ వర్సెస్ జార్జియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నార్త్ కరోలినా చట్టంలోనే, కావాలని కట్టకుండా ఉండలేదు, కట్టడానికి నిజాయితీగా ప్రయత్నిస్తున్నాను అని కోర్టుకి చూపిస్తే లైసెన్స్ మీద ఆంక్ష ఎత్తేసే వీలుంది. బ్యాంకు స్టేట్‌మెంట్లు, అద్దె కాగితం, ఉద్యోగం పోయిన ఉత్తరం పట్టుకుని వెళ్ళి వాయిదాలు అడగండి. మిగతా స్టేట్లలో దారులు వేరు. కాలిఫోర్నియాలో ఫైన్ కట్టలేదని లైసెన్స్ ఆపడం 2017లో మానేశారు, ట్రాఫిక్ కోర్టుకి రాలేదని ఆపడం 2023 జనవరి నుంచి మానేశారు, కానీ బాకీ బాకీయే. వర్జీనియాలో కట్టని ఫైన్ కోసం లైసెన్స్ ఆపడం లేదు. న్యూయార్క్‌లో 2021 నుంచి ఆదాయాన్ని బట్టి నెలనెలా కట్టుకునే పద్ధతి ఉంది. మీరిప్పుడున్న టెక్సస్‌లో పట్టించుకోని టికెట్ ఉంటే ఆమ్నిబేస్ అనే పద్ధతిలో లైసెన్స్ రెన్యువల్‌ని అడ్డుకుంటారు. కాబట్టి ఇంకో స్టేట్‌లో ఎవరో చేసింది చూసి మీ కేసులో అదే చేయకండి.

ఈలోపు బండి తీయకండి. టెక్సస్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి బయటి లైసెన్స్‌తో నడపడానికి 90 రోజులు ఉంటాయని, ఇండియా లైసెన్స్ ఉంది కదా అని ఎవరైనా అంటే వినకండి. అమెరికాలో మీ డ్రైవింగ్ హక్కే ఒకచోట ఆగి ఉన్నప్పుడు ఇండియా లైసెన్స్ వెనక దాక్కోలేరు. ఇప్పుడు పట్టుబడితే అది 2017 నాటి పరీక్షల హడావుడి కాదు, తెలిసి చేసిన తప్పు అవుతుంది, కొత్త మిస్‌డిమీనర్ కావచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు తప్పుకోవడానికి చూస్తారు. రెండు మూడు నెలలు ఆఫీసుకి ఎవరితోనైనా కలిసి వెళ్ళండి, పెట్రోల్ డబ్బులివ్వండి. మేనేజర్‌కి చెప్పాల్సివస్తే "పాత స్టేట్ నుంచి లైసెన్స్ క్లియరెన్స్ రావాలి" అంటే సరిపోతుంది, అది అబద్ధం కూడా కాదు.

అంతా అయ్యాక డీపీఎస్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. అక్కడ స్లాట్లు దొరకడం కష్టం కాబట్టి, కేసు తేలే తేదీ లాయర్ చెప్పగానే దానికి మూడు నాలుగు వారాల తర్వాతది ఒకటి పట్టి ఉంచుకోవచ్చు. వెళ్ళేరోజు పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఐ-797 (హెచ్-1బి ఆమోదం నోటీసు), ఇంటి అడ్రస్ రుజువులతో పాటు నార్త్ కరోలినా క్లియరెన్స్ ఉత్తరం, సీలున్న డిస్పొజిషన్ కాపీ, రెస్టొరేషన్ ఫీజు రసీదు పట్టుకెళ్ళండి. కౌంటర్లో మనిషి ముందుగా కంప్యూటర్‌నే చూస్తుంది. అందులో ఇంకా పాత ఆంక్ష కనిపిస్తే వాదించకండి, ఉత్తరం ముందుకు జరిపి "నార్త్ కరోలినా ఈ తేదీన క్లియర్ చేసింది, దయచేసి మళ్ళీ ఒకసారి వెతకండి" అనండి. అప్పటికీ కనిపిస్తుంటే ఏ స్టేట్, ఏ తేదీ ఎంట్రీ అని అడిగి రాసుకుని రండి. ఆ చీటీ లాయర్‌కి పంపితే ఎక్కడ ఆగిందో ఒక్క ఫోన్‌లో తెలుసుకుంటారు.